తర్కము – ప్రమాణము – అనుభవము



"నమ్మినవానికి ప్రశ్న యెందుకు? ప్రశ్నించువానికి నమ్మక మెక్కడిది?" అను మాట మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. ఈ మాటలో కొంత నిజమున్నట్లు తోచును. పూజకు కూర్చున్నవాడు పత్రిపత్రికిని వాదము పెట్టుకొని కూర్చుండడు గదా! కాని యీ మాటనే పట్టుకొని పిల్లల నోళ్ళు మూయించుట, పెద్దల తప్పులు కప్పిపుచ్చుట, తుదకు ప్రాణములు పోగొట్టుకొనుట కూడ జరుగుచున్నది. కావున ఈ పర్యాయము ఒక ప్రశ్నను పాఠముగా తీసికొందము. మనము నమ్మినది నిజమని యెట్లు తెలిసికొనవలయును? అందు హేతువులను చూచి నిర్ణయించు బుద్ధికి గల స్థానమేమి?

శాస్త్రమును విప్పుటకు ముందు నా యనుభవములోని ఒక సంగతిని మనవి చేసికొందును. అది నాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను ఈ పాఠము నాకు నేర్పినది ఆ సంగతియే.

1. ఒక రాత్రి

1974వ సంవత్సరము వానకాలము. నాకు పందొమ్మిదేండ్లు. మా మేనమామగారి యింట సెలవులు గడపుచుంటిని. వారి చేనికి కావలి పండుకొన్న పాలేరును రాత్రివేళ పాము కరచినది. చేతి లాంతరు వెలుగున అతడు దానిని చూచెను. నల్లని మేనిపై తెల్లని కట్లు. మడమ కడ చిన్న గాట్లు తప్ప వాపు లేదు, మంట లేదు. అతడు నడచియే యింటికి వచ్చెను.

తాలూకా ఆసుపత్రి పదునాలుగు మైళ్ళ దూరము. బండి కట్టింతమని మామగారనిరి. పొరుగూరి మంత్రగాని యొద్దకు పోవుట మేలని నేనంటిని. అంతకు ముందు రెండేండ్లలో పాము కరచిన ఇరువురు ఆ మంత్రగాని చేతిలో బ్రదుకుట నేను కన్నులార చూచితిని. చదువుకొన్న పిల్లవాడు చెప్పుచున్నాడని మామగారు నా మాట వినిరి. మంత్రగాడు గాయమును చూచి, "వాపు లేదు, నొప్పి లేదు, విషమెక్కలేదు" అని విభూతి పెట్టి పంపెను. తెల్లవారుజామున ఆ పాలేరునకు కనురెప్పలు వాలిపోయినవి, మాట ముద్దకట్టినది, తరువాత ఊపిరి ఆడలేదు. సూర్యోదయమునకు ముందే అతడు పోయెను.

మూడవ దినమున అతని భార్య మా గడప యెదుట నిలిచి నన్నొక్కటే మాట అడిగెను: "మంత్రం పని చేస్తాదని నీకెట్ల తెలుసు, చిన్నయ్యా?"

ఆమె కోపముతో అడుగలేదు. తెలిసికొనగోరి అడిగినది. నా యొద్ద సమాధానము లేదు. ఆసుపత్రికి తీసికొని పోయియున్నచో అతడు నిశ్చయముగా బ్రదికియుండునని నేను చెప్పజాలను. కాని బ్రదుకుటకు గల దారిని నా నమ్మకము మూసివేసినది. ఆ నమ్మకమునకు ఆధారమేమో నేనెన్నడును విచారింపలేదు. "నీకెట్ల తెలుసు?" అను ఆ మాటయే మన పూర్వులు వేలయేండ్లు శ్రమించి కట్టిన ప్రమాణశాస్త్రమునకు మూలప్రశ్న యని తరువాత చదువుకొంటిని.

2. తెలియుట వేరు, తోచుట వేరు

తర్కసంగ్రహము అను చిన్న గ్రంథము దేశమంతట తర్కవిద్యార్థులకు తొలి పాఠముగా నున్నది. దానిని 17వ శతాబ్దమున రచించిన అన్నంభట్టు తెలుగువాడు. తన గ్రంథమునకు దీపిక యను వ్యాఖ్యను కూడ ఆయనయే వ్రాసెను. అందు ఆయన జ్ఞానమును రెండుగా విభజించెను: స్మృతి, అనుభవము. పూర్వము తెలిసినది మరల మనస్సునకు వచ్చుట స్మృతి. అది గాక కలుగు జ్ఞానమంతయు అనుభవము.

అనుభవమను మాట మనకు మిక్కిలి ప్రియమైనది. అనుభవ మంటపమను పేరు వినగానే మన చేతులు జోడింపబడును. తార్కికుని అనుభవమునకును, శరణుల అనుభావమునకును అర్థములో భేదమున్నది. తార్కికునికి కుండను చూచుట కూడ అనుభవమే. శరణులకో అది జీవితమంతయు పండి చేతికి వచ్చిన ఎరుక. అయినను అన్నంభట్టు వెంటనే చేసిన రెండవ విభాగమును మనము మరువరాదు. అనుభవము రెండు విధములు: యథార్థము, అయథార్థము. ఉన్నదానిని ఉన్నట్లు తెలియుట మొదటిది. సంజచీకటిలో త్రాటిని పామనుకొనుట రెండవది.

త్రాటిని చూచి పామని బెదరినవానికి గుండె దడ నిజమే, చెమట నిజమే; పాము మాత్రము నిజము కాదు. అనగా అనుభవము యొక్క బలము, దాని సత్యమునకు ప్రమాణము కాదు. నాకు మంత్రముపై గల నమ్మకము చాల బలమైనది. ఇరువురు బ్రదుకుటను నేను చూచితిని. చూచినది నిజమే. దాని నుండి నేను తెలిసికొంటిననుకొన్నది నిజము కాదు. ఈ రెంటి నడుమ జారిపోయినదేమో కనుగొనుటయే వివేచన చేయు పని.

3. ప్రమాణములు

జ్ఞానమునకు సాధనము ప్రమాణము. గౌతముని న్యాయసూత్రములు నాలుగు ప్రమాణములను చెప్పినవి. ఇంద్రియములతో తెలియునది ప్రత్యక్షము. తెలిసిన గుర్తును బట్టి తెలియనిదానిని గ్రహించుట అనుమానము. వాడుకలో అనుమానమనగా సందేహము. శాస్త్రములో దానికి సరిగా వ్యతిరేకమగు నిశ్చయము. పోలికచే పేరునకు అర్థము తెలియుట ఉపమానము. నమ్మదగినవాని మాట శబ్దము.

వీటిలో మన తప్పులకు ఎక్కువ చోటిచ్చునది అనుమానము. కొండపై పొగ కనబడినది. పొగ యున్నచోట నెల్ల నిప్పుండును, వంటయింటిలో వలె. కావున కొండపై నిప్పున్నది. ఇందు ప్రాణమంతయు "పొగ యున్నచోట నెల్ల నిప్పుండును" అను నియమములో నున్నది. దీనికి వ్యాప్తి యని పేరు. పరులకు నిరూపించునప్పుడు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను అయిదు అవయవములతో చెప్పవలయునని నైయాయికుల నియమము. ఇది ఆడంబరము కొరకు ఏర్పడినది కాదు. మాటను అయిదు ముక్కలుగా విడదీసి పరచినప్పుడు ఏ ముక్క పుచ్చినదో కంటికి కనబడును.

నా నమ్మకమునే యిట్లు పరచి చూతము. ప్రతిజ్ఞ: ఈ మంత్రము పాము విషమును దింపును. హేతువు: మంత్రము వేయించుకొన్నవారు బ్రదికిరి గనుక. ఉదాహరణము: మంత్రము వేయించుకొని యెవరు బ్రదికిరో వారికెల్ల విషము మంత్రముచేతనే దిగినది, నేను చూచిన ఇరువురికి వలె.

ఇట్లు పరచినంతనే పుచ్చు బయటపడినది. మన పొలములలో తిరుగు పాములలో అనేకములకు మనుష్యుని చంపు విషము లేదు. అట్టి పాము కరచినవాడు మంత్రమున్నను బ్రదుకును, లేకున్నను బ్రదుకును. విషసర్పము కరచినను ఒక్కొక్కప్పుడు విషము లోనికి దిగదు. కావున మంత్రము తరువాత బ్రదుకుట యను గుర్తు, మంత్రము పని చేసినచోట మాత్రమే గాక, పని చేయనిచోట కూడ నుండును. ఇట్లు దారి తప్పి తిరుగు హేతువును సవ్యభిచారమందురు. హేత్వాభాసములు, అనగా హేతువు వలె కనబడి హేతువు కానివి, అయిదింటిలో ఇది మొదటిది.

మంత్రగాని మాటలోను ఇదే దోషమున్నది. "వాపు, నొప్పి లేనిచోట విషము లేదు" అని అతడనుకొనెను. నాగుపాము, రక్తపింజర కాటులలో సామాన్యముగా వాపు, నొప్పి కనబడును. కట్లపాము కాటు అట్లు కాదు. దానికి నొప్పి స్వల్పము, వాపు దాదాపు ఉండదు. కొన్ని గంటల తరువాత నరములు పట్టు తప్పి ఊపిరి ఆగిపోవును. మంత్రగాడు చూచినది సరియే. అతడు పట్టుకొన్న వ్యాప్తి తప్పు. ఆ తప్పునకు ఒక మనుష్యుడు బలి యయ్యెను.

4. తర్కము ప్రమాణము కాదు

ఇచ్చట చదువరులకు ఆశ్చర్యము గొల్పు ఒక సంగతి కలదు. తర్కశాస్త్రమే తర్కమును ప్రమాణముగా అంగీకరింపలేదు! అన్నంభట్టు తర్కమును యథార్థానుభవములో చేర్చలేదు. సంశయము, విపర్యయముల ప్రక్కన అయథార్థములో నుంచెను. ఏలయన, తర్కము లేనిదానిని ఉన్నట్లు ఊహించి మాటలాడును. "నిప్పే లేనిచో పొగయు ఉండరాదు గదా!" అనుట తర్కము. నిప్పున్న కొండను నిప్పు లేనిదిగా భావించి, దాని నుండి పుట్టు చిక్కును చూపుట దాని పని. అది స్వయముగా ఏ వస్తువును చూపజాలదు. ప్రమాణములకు తోడుగా నిలిచి సందేహమును తొలగించును. దానిని ప్రమాణములకు అనుగ్రాహకమనిరి, అనగా సాయపడునది.

ఈ నిర్ణయములో గొప్ప వివేకమున్నది. చేట ధాన్యమును పండింపదు. పండించునది నేల, నీరు, రైతు చెమట. కాని చేట లేనిదే గింజయు పొల్లును ఒకే కుప్పలో పడియుండును. చేటలో చెరిగినంత మాత్రమున గింజలు పుట్టునని తలచువాడు శుష్క తార్కికుడు. పంట నాది గనుక చెరుగ నక్కరలేదని తలచువాడు అంధ విశ్వాసి. ఇరువురి యింటను అన్నము కుదరదు.

ఆ చేటను నా నమ్మకముపై ప్రయోగించి యున్నచో ఏమి జరిగియుండును? "మంత్రము విషమును దింపునదే యైనచో, విషసర్పము కరచినవారిలో మంత్రము వేయించుకొన్నవారు, వేయించుకొననివారికంటె ఎక్కువగా బ్రదుకవలయును. అట్లు బ్రదికిరా? మంత్రము వేయించుకొనియు పోయినవారెందరు?" ఇట్లు నేనెన్నడును అడుగలేదు. బ్రదికిన ఇరువురు మా వీధిలో తిరుగుచు మంత్రమునకు సాక్ష్యము చెప్పిరి. పోయినవారు సాక్ష్యము చెప్పుటకు రారు.

పాలేరు పోయిన పిదప మంత్రగానిని అడిగితిమి. "ఆయువు తీరినది, మంత్ర మేమి చేయును?" అనెను. బ్రదికినచో మంత్రము గొప్ప, పోయినచో ఆయువు కొరత. ఏమి జరిగినను ఓడిపోని మాట గెలిచిన మాట కాదు. పరీక్షకే రాని మాట. ఏది చూచినచో ఈ నమ్మకము తప్పని నేనంగీకరింతును? ఈ ప్రశ్నకు సమాధానము లేని లౌకిక విశ్వాసమును మనము జ్ఞానమని పిలువరాదు.

5. ఆప్తుడెవడు?

"ప్రతిదానిని మనమే పరీక్షింపగలమా? పెద్దల మాట, గ్రంథముల మాట నమ్మక తప్పునా?" అని అడుగుదురు. తప్పదు. మన తలిదండ్రులెవరో కూడ మనము శబ్దప్రమాణము చేతనే యెరుగుదుము. వైద్యుని మాట నమ్మి మందు మ్రింగుదుము. శబ్దమును త్రోసివేసినవానికి లోకవ్యవహారమే సాగదు. కాని శాస్త్రము ప్రమాణమన్నది ఏ మాటను గాదు, ఆప్తుని మాటను. న్యాయభాష్యకారుడగు వాత్స్యాయనుడు ఆప్తునికి చెప్పిన లక్షణములలో ముఖ్యమైనవి రెండు. తాను చెప్పు విషయమును సాక్షాత్తుగా ఎరిగియుండవలయును. ఎరిగినదానిని ఎరిగినట్లు ఇతరులకు తెలుపవలెనను కోరిక యుండవలయును. పిమ్మట ఆయన మరియొక మాట చేర్చెను. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమే యని.

ఈ మాటను తూచి చూడవలయును. పుట్టుక గాని, వేషము గాని, పీఠము గాని మనుష్యుని ఆప్తునిగా చేయవు. ఎరుక, నిజాయితీ, ఈ రెండే చేయును. 12వ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులను తలచుకొనుడు. బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య మొదలగువారి మాటలు గ్రంథస్థములై నేటికిని ప్రమాణముగా చదువబడుచున్నవి. ఆ సభ ఆప్తత్వమునకు కులమును కొలతగా పెట్టుకొనలేదు. శాస్త్రము పుటలలో నున్న సూత్రమును శరణులు పీటలపై కూర్చుండబెట్టి చూపిరి.

ఇదే లక్షణము మరియొక వైపునకును కోసును. ఒక విషయములో ఆప్తుడు అన్ని విషయములలో ఆప్తుడు కాడు. పూజావిధిలో నాకు దారి చూపిన గురువుగారు కాటు విషము సంగతిలో ఆప్తులు కానక్కరలేదు. అట్లే విషవైద్యుడు శివానుభవములో ఆప్తుడు కానక్కరలేదు. గౌరవము వేరు, ప్రామాణ్యము వేరు. ఈ భేదము తెలియనిచోట గౌరవమే ఆపదగా మారును.

6. కనబడలేదు గనుక లేదా?

ఈ పాఠమును మన సొంత చరిత్రపై ఒకసారి ప్రయోగింతము. బిజ్జలుని కాలపు శాసనములు చాల దొరకినవి. వాటిలో బసవేశ్వరుని పేరు కానరాదని కొందరు చరిత్రకారులు పూర్వము సందేహించిరి. బసవపురాణాది కథలను మాత్రమే ఆధారముగా తీసికొనరాదని వారు తలచిరి. ఇది వినగానే మనకు కోపము వచ్చును. కోపము ప్రమాణము కాదు గనుక, వారి హేతువును పరీక్షింతము.

మీమాంసకులు అనుపలబ్ధి యను ప్రమాణమును అంగీకరించిరి. వస్తువు కనబడకపోవుట దాని అభావమునకు ప్రమాణము. కాని దానికొక షరతు పెట్టిరి. ఉన్నచో కనబడి తీరవలసిన వస్తువై యుండవలయును. పగటివేళ నేలపై కుండ కనబడనిచో కుండ లేదనవచ్చును. చీకటిలో కనబడనిచో లేదనరాదు. రాజశాసనములలో అధికభాగము దానములను, విజయములను చెప్పునవి. రాజునకు చివరి దినములలో అప్రియుడైన మంత్రి పేరు వాటిలో ఉండి తీరవలెనను నియమము లేదు. కావున ఆ మౌనము అభావమును నిరూపింపదు.

అంత మాత్రమున మన పక్షము గెలిచినట్లు కాదు. ఎదుటివాని హేతువు చెడినంతనే మన ప్రతిజ్ఞ సిద్ధింపదు. దానికి వేరు ప్రమాణము కావలయును. అది దొరకినది. బెళగావి జిల్లా హుక్కేరి తాలూకా అర్జునవాడలోని శాసనము సేవుణ రాజగు కన్నరుని కాలమున 1260లో వేయబడినది. అందు బసవరాజు పేరున్నది. బిజ్జలుని పాలన 1167లో ముగిసెను. అనగా నూరేండ్లలోపే, పురాణములతో పని లేకుండ, రాతిపై సాక్ష్యమున్నది. సందేహించినవారి వలననే మనము గట్టి ఆధారమునకై వెదకితిమి. వారిని శత్రువులని తరిమియున్నచో నష్టము మనకే కలిగియుండును.

మరి పాల్కురికి సోమనాథుని ద్విపద బసవపురాణములోని మహిమల మాట యేమి? వాటిని ఈ శాసనము నిరూపించినదా? లేదు. శాసనము బసవేశ్వరుని ఉనికిని చెప్పును. మహిమలను గూర్చి అది సాక్షి కాదు. 1369లో భీమకవి ఆ పురాణమును కన్నడములోనికి తెచ్చుట, భక్తలోకమున దానికెంత ఆదరమున్నదో తెలుపును. మహిమలను అదియు నిరూపింపదు. ఏ ప్రమాణమును ఎంతవరకు మోయగలదో అంతవరకే మోయించవలయును. ఎద్దుకు మించిన బరువు నెత్తినచో ఇరుసు విరుగును. బండిలోని మంచి సరుకు కూడ నేలపాలగును.

7. తర్కమునకు హద్దు

ఇంతవరకు విన్నవారు, "అట్లైన ప్రతి నమ్మకమునకు ప్రమాణము కావలయునన్నచో, ఆ ప్రమాణమునకు ప్రమాణమేది?" అని అడుగవచ్చును. ఇది చిన్నపిల్లల చమత్కారము కాదు. ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో అడిగిన ప్రశ్న. ప్రమాణము మరియొక ప్రమాణము వలన సిద్ధించినచో అంతు లేదు. తనంతట తానే సిద్ధించినచో ఇతర వస్తువులకు మాత్రము ప్రమాణమెందుకు? అని ఆయన నిలదీసెను.

దీనికి పూర్వులు ఒకే విధముగా జవాబు చెప్పలేదు. కుమారిలభట్టు జ్ఞానము స్వతఃప్రమాణమనెను. కలిగిన జ్ఞానమును బాధకము కనబడువరకు నమ్మవలయును. బాధకము కనబడినచో విడువవలయును. నైయాయికులు ఒప్పుకొనలేదు. నీరని తోచినదాని యొద్దకు పోయి దాహము తీరినప్పుడే అది నీరని నిశ్చయమగును. కార్యసిద్ధియే జ్ఞానమునకు పరీక్ష యనిరి. సందేహమునకు హద్దును ఉదయనాచార్యుడు చూపెను. సందేహము మన నడతతో మనకే విరోధము వచ్చువరకే నిలుచును. ఈ మార్గమును 14వ శతాబ్దమున మిథిలలో గంగేశోపాధ్యాయుడు విస్తరించెను. పొగ కావలసినప్పుడు నిప్పు రాజేయువాడు, ఆకలి తీర్చుకొనుటకు అన్నము తినువాడు, వాటి సంబంధమును నిజముగా సందేహించుచున్నాడని చెప్పవీలుకాదు.

ఈ జవాబులలో ఏది సరియని పండితులు నేటికిని వాదించుచున్నారు. మనకు వీటివలన రెండు సంగతులు తేటపడును. తర్కము తనంతట తాను నేలను సృష్టింపజాలదు. ఎచ్చటనో ఒకచోట కాలుమోపియే అది నిలువవలయును. రెండవది, ఈ హద్దును మనకు చూపినదియు తర్కమే. "తర్కమునకు హద్దున్నది" అను మాటను అడ్డము పెట్టుకొని ఎవరికి తోచిన దానిని వారు నమ్మవచ్చునని చెప్పుట, చెరువునకు గట్టున్నది గనుక నీటిని ఎక్కడనైన పారించవచ్చుననుట వంటిది.

8. అనుభవ మంటపములో ప్రశ్న

భక్తుని హృదయానుభవమునకు ఈ పరీక్ష తగునా యని కొందరు సంకోచింతురు. 15వ శతాబ్దమున శివగణప్రసాది మహాదేవయ్య కూర్చిన శూన్యసంపాదనను చూడుడు. ఆ గ్రంథము సంభాషణరూపమున నున్నది. కల్యాణమునకు వచ్చిన అక్కమహాదేవిని అల్లమప్రభువు చేతులు జోడించి వెంటనే కూర్చుండబెట్టలేదు. సభలో నిలిపి కఠినముగా ప్రశ్నించెను. ఆమె కన్నీటితో గాక సమాధానములతో నిలిచెను. ఆ పిదపనే సభ ఆమెను అక్కగా మన్నించినది. సిద్ధరామునికిని ఇట్టి ప్రశ్నలు తప్పలేదు. అల్లముడు ప్రశ్నించుట అవమానించుటకు గాదు. బంగారమును గీటురాతిపై గీయుట వంటిది. గీటు పడుటచే బంగారమునకు విలువ తగ్గదు.

ఇందు ఒక విభాగమును గుర్తించుట మేలు. "ఇష్టలింగ పూజలో నా మనస్సు నెమ్మది పొందినది" యని ఒక తల్లి చెప్పినచో, ఆ మాటకు ఆమెయే సాక్షి; మనకు కాదనుటకు అధికారము లేదు. "కావున ఈ విభూతి పెట్టినచో జ్వరము తగ్గును" అన్నప్పుడు ఆమె లోపలి అనుభవమును దాటి బయటి లోకమును గూర్చి మాటలాడినది. బయటి లోకమునకు బయటి ప్రమాణమే కావలయును. "కావున నా దారి గాక ఇతరుల దారి యంతయు అబద్ధము" అన్నచో, ఇంకను పెద్ద ప్రతిజ్ఞ చేసినది. దానికి ఇంకను పెద్ద ఆధారము కావలయును. ఒక్క 'కావున' యను మాట కడ మన భక్తి జ్ఞానమై నిలుచుటయో, మూఢత్వమై జారుటయో జరుగుచున్నది.

ప్రశ్నించు విధమునకు కూడ ధర్మమున్నది. నైయాయికులు చర్చను మూడుగా చెప్పిరి. సత్యము తెలియగోరి చేయునది వాదము. గెలుపు గోరి చేయునది జల్పము. తన పక్షమేమియు లేక ఎదుటివానిని పడగొట్టుటకే చేయునది వితండ. సోమనాథుని పండితారాధ్య చరిత్రములోని అయిదు ప్రకరణములలో ఒకటి వాదప్రకరణము. తెలుగు శివకవి వాదమునకు ఒక ప్రకరణమునే కేటాయించెనన్న, ఆనాడు మతమును హేతువులతో నిలుపుట ఎంత ముఖ్యమని తలచిరో తెలియును. ఆ కథలో రాజసభలోని వాదము తుదకు రక్తపాతముతో ముగియుటను కూడ మనము దాచరాదు. హేతువు చాలనిచోట చేయి లేచినదనిన, అచ్చట వాదము ఓడిపోయినదని అర్థము. ఎవరి చేయి లేచినను అంతే.

9. ఇంటను, మఠమునను

ఇంతయు విని ఏమి చేయవలయును? పెద్ద గ్రంథములు చదువలేకున్నను మూడు ప్రశ్నలు ఇంటిలో అలవాటు చేసికొనవచ్చును. ఇది నాకెట్లు తెలిసినది? చెప్పినవారు ఈ విషయమున ఆప్తులా? ఏది చూచినచో ఇది తప్పని నేను ఒప్పుకొందును? పిల్లలు ఈ ప్రశ్నలు అడిగినప్పుడు తెలిసినచో చెప్పుడు. తెలియనిచో "తెలియదు, కలిసి తెలిసికొందము" అనుడు. "తెలియదు" అనుట వలన పెద్దరికము తగ్గదు. నాటి రాత్రి ఆ ఒక్క మాట నేను అనియుండినచో మామగారు బండి కట్టించియుండెడివారు.

మఠములలో నెలకొక దినము ప్రశ్నలకు కేటాయించినచో మంచిది. అక్కడ పిన్నలు అడుగవలయును, పెద్దలు హేతువుతో చెప్పవలయును. హేతువు లేని ఆచారమును ఆచారమని, శాస్త్రవాక్యమును శాస్త్రవాక్యమని, తమ అభిప్రాయమును అభిప్రాయమని వేరు చేసి చెప్పవలయును. అట్లు చెప్పు స్వామివారిపై పిల్లలకు గౌరవము పెరుగునే గాని తగ్గదు.

ఆ పాలేరు భార్య చాల యేండ్లు బ్రదికినది. ఆ తరువాత ఆ యూరిలో ఎవరిని పాము కరచినను ఆమెయే ముందుగా పరుగెత్తి వచ్చి, "ఆసుపత్రికి పోండి, ఆసుపత్రికి" అని బండి కట్టించెడిది. ఆమె అక్షరము నేర్వలేదు. న్యాయసూత్రముల పేరు వినలేదు. ప్రతి సోమవారము శివాలయమునకు పోవుట మాత్రము మానలేదు. భక్తిని విడువకయే ప్రశ్నించుట, ప్రశ్నను విడువకయే భక్తి చేయుట సాధ్యమని నాకు చూపిన ఆప్తురాలు ఆమెయే.

అభ్యాసము

1. యథార్థానుభవమునకు, అయథార్థానుభవమునకు మీ యింటి నుండి ఒక్కొక్క ఉదాహరణము చెప్పుడు.

2. మీరు గట్టిగా నమ్ము ఒక విషయమును అయిదు అవయవములతో వ్రాసి, అందు వ్యాప్తి నిలుచునో లేదో పరీక్షింపుడు.

3. ఆప్తుని లక్షణములేవి? ఒకే వ్యక్తి ఒక విషయమున ఆప్తుడై, మరియొక విషయమున కాకపోవుటకు ఉదాహరణము చెప్పుడు.

4. "కనబడలేదు గనుక లేదు" అను మాట ఎప్పుడు చెల్లును? ఎప్పుడు చెల్లదు?

5. తర్కము ప్రమాణము కాకున్నను దానిని విడువరాదనుటకు కారణమేమి?

శుభం భూయాత్.